ఫాస్ట్ అంటే మొదట్లో వేగం కాదు, గట్టి

ప్రశ్న ఏంటంటే, ఫాస్ట్ అంటే వేగం అని చిన్నప్పుడే నేర్చుకున్నాం, మరి ఫాస్ట్ అస్లీప్ అంటే ఒళ్ళు తెలీకుండా నిద్రపోవడం ఎలా అయింది, బట్టల లేబుల్ మీద ఉండే కలర్ ఫాస్ట్ ఏంటి, ఫాస్టింగ్ అంటే ఉపవాసం ఎందుకు, ఇవన్నీ ఒకటే పదమా లేక పైకి ఒకేలా పలికే మూడు నాలుగు వేరే పదాలా అని. దాంతో పాటు ఫాస్ట్‌లీ అనొచ్చా, బెల్‌ఫాస్ట్ ఊరి పేరులో ఉన్నది కూడా ఇదేనా అని కూడా అడిగారు. ముందు సూటిగా చెప్పేస్తాను: బెల్‌ఫాస్ట్ తప్ప మిగతావన్నీ ఒకటే వేరు నుంచి వచ్చినవి, ఆ వేరుకి అర్థం వేగం కానే కాదు, గట్టి. వేగం అనేది తర్వాత వచ్చి చేరిన అర్థం, చేరి మొత్తం ఇల్లంతా ఆక్రమించేసింది. నేను చాలా కాలంగా ఇంగ్లీషు పాఠాలు, అనువాదాలు చేస్తూ ఉన్నా, ఇంగ్లీషులో మామూలు విశేషణం ఒకటి తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమంటే నేను ఎప్పుడూ దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే తెలుగు తెలిసినవాళ్ళకి ఇది మిగతావాళ్ళకంటే తేలిగ్గా అర్థమవుతుంది, అదెలాగో కింద చెప్తాను.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో, అంటే పండితులు ఓల్డ్ ఇంగ్లీష్ అనే దాంట్లో, ఈ మాట ఫ్యాస్ట్ అని ఉండేది. అర్థం బిగిసిన, పాతుకుపోయిన, కదలని, గట్టి. వేగం అన్న ఊసే లేదు. దీని అన్నదమ్ములు ఇప్పటికీ చుట్టుపక్కల భాషల్లో ఉన్నాయి, వాటిల్లో పాత అర్థమే నడుస్తోంది. జర్మన్‌లో ఫెస్ట్ అంటే గట్టి, డచ్‌లో వాస్ట్ అంటే స్థిరమైన, స్వీడిష్‌లో అయితే అచ్చం ఫాస్ట్ అనే ఉంది, దానికీ కదలనిది అనే అర్థం. జర్మన్‌వాళ్ళు కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ని ఫెస్ట్‌ప్లాట్టె అంటారు, దీవి కాకుండా ప్రధాన భూభాగాన్ని ఫెస్ట్‌లాండ్ అంటారు. స్వీడిష్‌లో ఇల్లు, స్థలం లాంటి ఆస్తిని ఫాస్టిగ్‌హెట్ అంటారు, మనం స్థిరాస్తి అన్నట్టే, కదిలించలేని ఆస్తి అని. ఇక్కడ ఒక్క జాగ్రత్త, అక్టోబర్‌ఫెస్ట్‌లో ఉన్న ఫెస్ట్ ఈ కుటుంబం కాదు, అది లాటిన్‌లో పండగ అనే మాట నుంచి వచ్చింది, ఫెస్టివల్, ఫీస్ట్ ఆ కుటుంబం. ఫీస్ట్ అంటే విందు, ఫాస్ట్ అంటే ఉపవాసం, పక్కపక్కన పెడితే ఒకే ఇంట్లో పుట్టినట్టు అనిపిస్తాయి గానీ ఏ సంబంధం లేదు.

ఇప్పుడు తెలుగు సంగతి. ఫాస్ట్ అని ఎక్కడ కనబడ్డా మనసులో వేగం తీసేసి గట్టి అని పెట్టుకుని చూడండి. హోల్డ్ ఫాస్ట్ అంటే గట్టిగా పట్టుకో. మేక్ ద డోర్ ఫాస్ట్ అంటే తలుపు గట్టిగా వెయ్యి. ఫాస్ట్ ఫ్రెండ్స్ అంటే గట్టి స్నేహితులు. ఫాస్ట్ కలర్ అంటే గట్టి రంగు, బట్ట కొనేటప్పుడు మనం అడిగేది కూడా రంగు గట్టిదేనా అనే కదా. స్టాండ్ ఫాస్ట్ అంటే మాట మీద గట్టిగా నిలబడు. చూశారా, ఒక్క మాట పెడితే అన్నీ కుదిరిపోతున్నాయి. ఫాస్ట్ అస్లీప్ కూడా ఇదే, నిద్ర గట్టిగా పట్టేసింది, ఇంక కదలడు అని, అందులో నిద్రలోకి త్వరగా జారుకోవడం అనేది లేదు. చాలామంది అక్కడే పొరబడతారు, హీ ఫెల్ ఫాస్ట్ అస్లీప్ అంటే పడుకోగానే నిద్రపోయాడు అని రాసేస్తారు, కాదు, గాఢనిద్రలోకి వెళ్ళిపోయాడు అని.

సరే, గట్టి అన్నది వేగం ఎలా అయింది? అసలు ప్రశ్న ఇదే, ఎందుకంటే రెండూ దాదాపు ఎదురెదురు అర్థాలు, ఒకటి కదలనిది, ఇంకోటి విపరీతంగా కదిలేది. దీనికీ మన గట్టి దగ్గరే సమాధానం ఉంది. గట్టిగా అరవకు అంటాం, అరుపుకి గట్టిదనం ఎక్కడిది? వాన గట్టిగా కురిసింది అంటాం, గట్టిగా కొట్టాడు, గట్టిగా తిన్నాడు, గట్టిగా అడిగాడు అంటాం. ఇక్కడ గట్టి అంటే రాయిలా గట్టిగా అని కాదు, జోరుగా, బలంగా, పూర్తి శక్తి పెట్టి అని. ఇప్పుడు సైకిల్ మీద వెళ్తున్నవాడితో గట్టిగా తొక్కు అనండి. వాడేం చేస్తాడు? స్పీడ్ పెంచుతాడు. గట్టిగా తొక్కితే పది నిమిషాల్లో వెళ్ళిపోతాం అన్నప్పుడు గట్టిగా అనే మాట వేగం అనే అర్థానికి ఒక్క అడుగు దూరంలో ఉంది, ఆ అడుగు తెలుగు వెయ్యలేదు, ఇంగ్లీషు వేసింది, తేడా అంతే.

ఇంగ్లీషులో జరిగింది కూడా సరిగ్గా ఇదే, అది కూడా ముందు క్రియా విశేషణంలో జరిగింది, విశేషణంలో కాదు. గట్టిగా పట్టుకో, గట్టిగా కట్టు అన్నచోట్ల వాడే మాటని గట్టిగా పోరాడారు, గట్టిగా పనిచేశారు అన్నచోట కూడా వాడటం మొదలుపెట్టారు, దాని తర్వాత గట్టిగా పరిగెత్తారు, గట్టిగా గుర్రం తోలారు అని వచ్చేసరికి వింటున్నవాళ్ళకి అందులో బలం కంటే వేగం ఎక్కువ వినబడింది. ఇది 13వ శతాబ్దం ప్రాంతానికి జరిగిపోయింది. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో స్థిరపడ్డ స్కాండినేవియా జనం భాషలో కూడా ఈ మాటకి జోరుగా అనే వాడుక ఉండేది కాబట్టి అది కూడా తోసి ఉంటుందని భాషా చరిత్రకారులు అంటారు. ఇంకో దారి కూడా ఉంది, ఫాస్ట్ అంటే బాగా దగ్గరగా, అంటుకుని అని కూడా వాడేవాళ్ళు, 1667లో ఇంగ్లీషు కవి మిల్టన్ తన పెద్ద కావ్యం మొదట్లోనే ఒక వాగు గుడికి ఫాస్ట్ బై పారుతోంది అని రాశాడు, అంటే గుడిని ఆనుకుని అని, వాగు వేగంగా పారిందని కాదు. ఒకడి వెనకాల అంటుకుని పరిగెత్తుతున్నాడంటే వేగంగా పరిగెత్తుతున్నట్టే కదా, అలా కూడా వేగం అర్థం బలపడింది. ఇదే కథ హార్డ్ అనే మాటకి కూడా సగం దాకా నడిచింది చూడండి, హార్డ్ అంటే గట్టి, రన్ హార్డ్ అంటే బలంగా పరిగెత్తు, హార్డ్ బై అంటే ఆనుకుని, కాకపోతే అది వేగం దాకా వెళ్ళకుండా మధ్యలో ఆగిపోయింది.

ఫాస్ట్ హార్స్, ఫాస్ట్ రన్నర్ అని నామవాచకం ముందు పెట్టి వేగమైన అనడం దీని తర్వాత చాలా కాలానికి వచ్చింది. అక్కణ్ణించి మీకు తెలిసిన వాడుకలన్నీ, గడియారం పది నిమిషాలు ఫాస్ట్ ఉంది, ఫాస్ట్ బౌలర్, ఫాస్ట్ ఫుడ్, ఫాస్ట్ ట్రాక్, వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఫాస్ట్ లైఫ్ అంటే విచ్చలవిడి జీవితం అనేది కూడా వేగం నుంచి వచ్చిందే, డబ్బు, కాలం, పరువు అన్నీ తొందరగా ఖర్చు పెట్టేసేవాళ్ళ గురించి అన్న మాట అది. ఆడవాళ్ళ విషయంలో ఈ మాటని ప్రత్యేకంగా నిందలా వాడారు, పాత ఇంగ్లీషు నవలలు చదివేటప్పుడు షీ ఈజ్ ఫాస్ట్ అని కనబడితే చురుకైన అమ్మాయి అని మెచ్చుకుంటున్నారు అనుకోవద్దు, అది ఆమె నడవడిక మీద వేసిన రాయి.

నాకు బాగా ఇష్టమైన భాగం పాత అర్థం ఎక్కడెక్కడ దాక్కుని ఉందో వెతకడం. ఫాసెన్ అనే క్రియ ఉంది కదా, ఫాసెన్ యువర్ సీట్ బెల్ట్, రాతలో అందులో ఫాస్ట్ పూర్తిగా ఉంది, పలికేటప్పుడు మాత్రం ట అక్షరం మింగేస్తాం కాబట్టి బంధుత్వం చెవికి వినబడదు. బెల్ట్ గట్టిగా బిగించుకో అని. స్టెడ్‌ఫాస్ట్ అంటే చలించని మనిషి, అందులో స్టెడ్ అంటే చోటు, ఇన్‌స్టెడ్‌లో ఉన్న స్టెడ్డే, అంటే ఉన్నచోట గట్టిగా ఉన్నవాడు. సూత్‌ఫాస్ట్ అని ఒకటి ఉండేది, సత్యం మీద గట్టిగా నిలబడేవాడు. బెడ్‌ఫాస్ట్ అంటే మంచం పట్టినవాడు, మనం కూడా మంచం పట్టాడు అనే అంటాం. ఇక షేమ్‌ఫేస్డ్ అనే మాట అయితే ఇంకా విచిత్రం, సిగ్గుతో మొహం వేలాడేసినవాడు అని అందరూ అనుకుంటారు, ఎందుకంటే అందులో ఫేస్ కనబడుతోంది, కానీ అసలు మాట షేమ్‌ఫాస్ట్, సిగ్గుకి కట్టుబడినవాడు, బిడియస్తుడు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో షేమ్‌ఫాస్ట్‌నెస్ అనే ఉంది, తర్వాతి ముద్రణల్లో అది షేమ్‌ఫేస్డ్‌నెస్ అయిపోయింది, జనం పాత ఫాస్ట్ మర్చిపోయారు కాబట్టి తమకి తెలిసిన ఫేస్ అందులో దూర్చేశారు.

హ్యాండ్‌ఫాస్టింగ్ అని ఇంకో మాట ఉంది, చేతులు పట్టుకుని పెళ్ళి నిశ్చయం చేసుకోవడం, స్కాట్లండ్‌లో దీని గురించి ఎక్కువ వినబడుతుంది. చేతిని గట్టిగా పట్టుకోవడమే ఒప్పందం. పాణిగ్రహణం అనే మాట తెలిసినవాళ్ళకి దీన్ని వివరించాల్సిన పనే లేదు. హోల్డ్‌ఫాస్ట్ అనేది జీవశాస్త్రం పుస్తకాల్లో దొరుకుతుంది, సముద్రంలో పెరిగే కెల్ప్ లాంటి పెద్ద నాచు మొక్కలు రాళ్ళని పట్టుకునే భాగం పేరు అది, చూడ్డానికి వేరులాగే ఉంటుంది గానీ వేరులా ఆహారం పీల్చదు, దాని పనల్లా గట్టిగా పట్టుకోవడమే, పేరు కూడా అదే చెప్తోంది.

అంటార్కిటికా గురించి చదివేవాళ్ళకి ఫాస్ట్ ఐస్ అనే మాట తగులుతుంది. అదేదో వేగంగా కొట్టుకుపోయే మంచు అనుకుంటే పూర్తిగా తిరగబడుతుంది. సముద్రం మీద గడ్డకట్టిన మంచులో గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోయేది డ్రిఫ్ట్ ఐస్, తీరానికి అతుక్కుని కదలకుండా ఉండేది ఫాస్ట్ ఐస్. ఎంపరర్ పెంగ్విన్లు ఎక్కువగా గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది ఈ కదలని మంచు మీదే, పిల్లలకి నీళ్ళలో ఈదగలిగే ఈకలు వచ్చేదాకా అది విరక్కుండా ఉండాలి. దీన్ని ఎవరైనా తెలుగులో వేగవంతమైన మంచు అని రాస్తే ఆ పేరా మొత్తం అర్థం లేకుండా పోతుంది.

వైద్యంలో ఒకటుంది, ఇది మాత్రం కాస్త ఆగి చెప్పాలి. టీబీ అనుమానం ఉంటే కళ్ళె తీసుకుని చేసే పాత పరీక్షని ఏఎఫ్‌బీ టెస్ట్ అంటారు, రిపోర్ట్ మీద ఏఎఫ్‌బీ పాజిటివ్, నెగటివ్ అని రాస్తారు, అందులో ఏఎఫ్ అంటే యాసిడ్ ఫాస్ట్, బీ అంటే బ్యాసిలై, పుల్లల్లాంటి క్రిములు. యాసిడ్‌కీ వేగానికీ ఏంటి సంబంధం అని చాలామంది అడుగుతారు. ల్యాబ్‌లో ఏం చేస్తారో చూస్తే తెలిసిపోతుంది. కళ్ళెని గాజు పలక మీద పల్చగా పూసి ఆరబెట్టి దాని మీద కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి కింద నుంచి వేడి చేస్తారు, ఆవిరి వచ్చేదాకా వేడి చేస్తారు గానీ మరగనివ్వరు. రంగు లోపలికి ఎక్కుతుంది. తర్వాత యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌తో ఆ పలకని కడుగుతారు. మామూలు బ్యాక్టీరియాకి ఎక్కిన ఎరుపు అంతా ఆ కడుగుడులో పోతుంది. టీబీ క్రిమికి మాత్రం గోడలో మైకోలిక్ యాసిడ్లు అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది, అది రంగుని పట్టుకుని వదలదు. చివర్లో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు వేస్తే చుట్టూ అంతా నీలం, మధ్యలో సన్నటి ఎర్ర పుల్లల్లా టీబీ క్రిములు కనబడతాయి. అంటే యాసిడ్ పోసి కడిగినా రంగు గట్టిగా పట్టుకునే క్రిమి అని, అందుకే యాసిడ్ ఫాస్ట్. రాబర్ట్ కోఖ్ టీబీ క్రిమిని కనిపెట్టానని ప్రకటించింది 1882 మార్చి 24న, అదే ఏడాది పాల్ ఎర్లిక్ ఈ యాసిడ్‌కి లొంగని గుణాన్ని గుర్తించాడు, తర్వాత జీల్, నీల్సన్ అనే ఇద్దరు ఆ పద్ధతిని మెరుగు చేశారు కాబట్టి ఇప్పటికీ దాన్ని వాళ్ళ పేరుతో జీల్ నీల్సన్ స్టెయిన్ అంటారు.

బట్టల కలర్ ఫాస్ట్ కూడా ఇదే ఆలోచన, రంగు వదలకపోవడం. దీనికి అంతర్జాతీయంగా కొలతలు కూడా ఉన్నాయి. పరీక్షించాల్సిన రంగు గుడ్డ ముక్కకి తెల్ల గుడ్డ కుట్టి సబ్బు నీళ్ళలో ఉతుకుతారు, రంగు గుడ్డ ఎంత వెలిసింది, తెల్ల గుడ్డకి ఎంత అంటుకుంది అని బూడిద రంగు స్కేల్‌తో పోల్చి 1 నుంచి 5 దాకా మార్కులిస్తారు, 5 అంటే ఏమీ మారలేదని. ఎండకి వెలవడాన్ని మాత్రం వేరే స్కేల్ మీద 1 నుంచి 8 దాకా కొలుస్తారు. లైట్ ఫాస్ట్‌నెస్ అని కనబడితే కాంతి వేగం అనుకోకండి, ఎండ తగిలినా రంగు నిలిచే గుణం అది. బొమ్మలు వేసేవాళ్ళు కొనే రంగుల ట్యూబుల మీద కూడా ఈ మాట ఉంటుంది.

ఇప్పుడు ఉపవాసం. ఇది ఎక్కువమంది వేరే పదం అనుకుంటారు, డిక్షనరీలు కూడా వేరే ఎంట్రీగా ఇస్తాయి కాబట్టి ఆ అనుమానం సహజం. కానీ వేరు ఒకటే. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోథిక్ భాషలోకి బైబిల్ తర్జుమా చేశాడు, ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ కుటుంబం భాషల్లో మనకి దొరికే పెద్ద రాతల్లో అదే పాతది, అందులో ఫాస్టన్ అనే క్రియ రెండు రకాలుగా వస్తుంది, ఒకటి కాపాడుకో, పాటించు అని, రెండోది ఉపవాసం ఉండు అని. గట్టిగా పట్టుకోవడం నుంచి నియమాన్ని గట్టిగా పట్టుకోవడం, నియమంగా ఉండటం, అందులోంచి తిండి మానేసి నియమంగా ఉండటం, ఇలా దిగింది. మనవాళ్ళు కూడా నిష్ఠగా ఉంటున్నాను అంటే తిండి విషయంలో అని చెప్పకుండానే అర్థం చేసుకుంటారు. నిష్ఠ అన్న మాటలో కూడా స్థిరంగా నిలవడమే ఉంది, కాబట్టి రెండు చోట్లా ఆలోచన ఒకేలా సాగింది.

బ్రేక్‌ఫాస్ట్ అంటే రాత్రంతా ఉన్న ఉపవాసాన్ని విరవడం అని చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసింది ఏంటంటే డిన్నర్ కూడా అదే అర్థం. లాటిన్‌లో జెజూనస్ అంటే ఖాళీ కడుపుతో ఉన్న, దానికి వ్యతిరేకాన్ని చెప్పే ఉపసర్గ చేర్చి ఉపవాసం విరవడం అనే క్రియ చేశారు, అది ఫ్రెంచ్‌లో నలిగి నలిగి ఒక రూపంలో దెజ్యూనే అయింది, ఇంకో రూపంలో దీనే అయింది, ఆ రెండో రూపమే ఇంగ్లీషులో డిన్నర్. అంటే పొద్దున తినేదానికి పుట్టిన పేరు కాలక్రమంలో జరుగుతూ జరుగుతూ రాత్రి భోజనం దాకా వచ్చింది. ఆ జెజూనస్సే మన చిన్నపేగుల్లో ఒక భాగం పేరు, జెజునమ్ అని, చనిపోయినవాళ్ళ శరీరం కోసి చూసినప్పుడు ఆ భాగం ఎప్పుడూ ఖాళీగా కనబడేది కాబట్టి పాతకాలం వైద్యులు ఉపవాసం ఉన్న పేగు అని పేరు పెట్టారు.

నుడికారాల సంగతి కొంచెం. హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్ అంటే సడలించడానికి వీల్లేని నియమం, ఇందులో వేగం లేదు, రెండు మాటలకీ గట్టి అనే అర్థం. నావికులు ఒడ్డున ఇసుకలో కూరుకుపోయి కదలని ఓడని హార్డ్ అండ్ ఫాస్ట్ అనేవాళ్ళు. ప్లే ఫాస్ట్ అండ్ లూజ్ అంటే మాట ఇచ్చి మాట తప్పుతూ ఇద్దరితోనూ ఆడుకోవడం, ఇది నిజంగానే ఒక ఆట, సంతల్లో మోసగాళ్ళు ఆడించే జూదం. ఒక తోలు బెల్టుని మడిచి చుట్టగా చుట్టి బల్ల మీద నిలబెడతారు, మధ్యలో కనబడే మడతలో నువ్వు ఒక పుల్ల గుచ్చాలి, గుచ్చాక బెల్టు బల్లకి బిగిసిపోయింది, అంటే ఫాస్ట్ అయింది అని పందెం కాస్తావు, వాడు రెండు కొసలూ పట్టుకుని లాగితే పుల్లకి తగలకుండా మొత్తం ఊడి చేతికొస్తుంది, లూజ్. షేక్‌స్పియర్ కాలానికే ఇది అందరికీ తెలిసిన మోసం, ఆయన నాటకంలో ఆంటొనీ, క్లియోపాత్రా తనని దగా చేసిందని మండిపడేటప్పుడు ఈ ఆట పేరే ఎత్తుతాడు. పుల్ ఎ ఫాస్ట్ వన్, అంటే తెలివిగా మోసం చేయడం, అనేది మాత్రం 20వ శతాబ్దపు మాట.

సైన్సులో వేగం అర్థంతోనే వాడినా మనం తప్పుగా అర్థం చేసుకునేవి రెండు చెప్తాను. ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ అంటే ఇంధనాన్ని వేగంగా పుట్టించే రియాక్టర్ అని రాయడం చాలాసార్లు చూశాను, కాదు. ఫాస్ట్ అన్నది న్యూట్రాన్లకి. పరమాణు కేంద్రకం చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్‌కి సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది, మామూలు రియాక్టర్లలో నీళ్ళో గ్రాఫైటో పెట్టి దాన్ని 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా నెమ్మదింపజేస్తారు, ఈ రకం రియాక్టర్లో ఆ నెమ్మది చేసే పదార్థం పెట్టరు, న్యూట్రాన్లని వేగంగానే ఉండనిస్తారు. బ్రీడర్ అంటే ఖర్చు పెట్టినదానికంటే ఎక్కువ ఇంధనం తయారుచేసేది. రెండూ వేరు వేరు గుణాలు, ఒకదాన్ని ఇంకోదానికి అతికించకూడదు. రెండోది ఫాస్ట్ లెన్స్. లెన్స్ ఏమీ పరిగెత్తదు, దాని రంధ్రం పెద్దది కాబట్టి ఎక్కువ వెలుతురు వస్తుంది, కాబట్టి షటర్ తక్కువసేపు తెరిస్తే సరిపోతుంది, ఆ షటర్ వేగాన్ని లెన్స్‌కి అంటగట్టారు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది, ఎఫ్ 1.4 లెన్స్ ఎఫ్ 2.8 దానికంటే నాలుగు రెట్ల వెలుతురు ఇస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి, అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషులో వేగానికి వాడే మామూలు మాటల్లో చాలావాటికి మొదట్లో వేగం అర్థం లేదు. క్విక్ అంటే ప్రాణం ఉన్న. ద క్విక్ అండ్ ద డెడ్ అని బైబిల్లో వస్తుంది, చురుకైనవాళ్ళు, చచ్చినవాళ్ళు అని కాదు, బతికున్నవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు అని. పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అన్నది అది ప్రాణం ఉన్నట్టు కదులుతుందని, గోరు కింద నొప్పి తెలిసే మాంసాన్ని క్విక్ అన్నది అందుకే, కడుపులో బిడ్డ మొదటిసారి కదిలినట్టు తల్లికి తెలియడాన్ని డాక్టర్లు క్విక్కెనింగ్ అంటారు. ఈ క్విక్, సంస్కృతం నుంచి మనకి వచ్చిన జీవం, లాటిన్ వైపు నుంచి వచ్చిన వివిడ్, సర్వైవ్, ఇవన్నీ ఒకే మూలంలోంచి వచ్చినవి, పైకి చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. స్పీడ్ అంటే పాతకాలంలో విజయం, కలిసిరావడం, ప్రయాణం వెళ్ళేవాళ్ళతో గాడ్‌స్పీడ్ అనేది దేవుడు నీ పని నెరవేర్చాలి అని, త్వరగా తీసుకెళ్ళాలి అని కాదు. అంటే గట్టిది, బతికున్నది, నెరవేరినది, ఈ మూడూ పోయి పోయి వేగం దగ్గర చేరాయి.

ఫాస్ట్‌లీ సంగతి. ఇప్పటి ఇంగ్లీషులో వాడకూడదు, హీ రన్స్ ఫాస్ట్ అనే చెప్పాలి. ఎందుకు అంటే చాలా పుస్తకాలు ఇది మినహాయింపు, బట్టీ పట్టండి అని వదిలేస్తాయి, కానీ దీనికి కారణం ఉంది. ఓల్డ్ ఇంగ్లీషులో విశేషణాన్ని క్రియా విశేషణం చేయాలంటే చివర ఎ అనే చిన్న అచ్చు చేర్చేవాళ్ళు, ఫ్యాస్ట్ అంటే గట్టి, ఫ్యాస్టె అంటే గట్టిగా, మనం గట్టికి గా చేర్చినట్టు. తర్వాత కొన్ని వందల ఏళ్ళలో ఇంగ్లీషులో పదాల చివరి చిన్న అచ్చులన్నీ పలకడం మానేశారు, దాంతో రెండూ ఒకే రూపంలోకి వచ్చేశాయి. హార్డ్, డీప్, లౌడ్ కూడా ఇదే బాపతు, గో స్లో అని బోర్డు మీద రాసినప్పుడు కూడా అది వ్యాకరణం తప్పు కాదు, ఆ పద్ధతిలో నడిచిన మాటే. లీ చేర్చే పద్ధతి కూడా పక్కనే ఉండేది, ఆ కాలంలో దానికి తగ్గ రూపం కూడా ఉండేది, కానీ అది ఎక్కువగా గట్టిగా, స్థిరంగా అనే అర్థంలో ఉండి వాడుకలోంచి జారిపోయింది. కాబట్టి అడ్డొచ్చిన చోటల్లా క్విక్‌లీ వాడండి, అది ఎక్కడా తప్పుకాదు.

ఒకే మాటకి ఇన్ని అర్థాలు ఉండటం వేరు, వేరే వేరే మాటలు కాలం గడిచి ఒకే రూపంలోకి రావడం వేరు, ఈ తేడా పట్టుకోవాలి. లైట్ తీసుకోండి, బరువు లేని లైట్ సంస్కృతం లఘువుకి బంధువు, వెలుతురు ఉన్న లైట్ వేరే మూలం, ఇద్దరికీ చుట్టరికం లేదు. మీన్ అయితే మూడు ముక్కలు, సగటు అనే మీన్ లాటిన్‌లో మధ్య అనే మాట నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, నీచమైన అనే మీన్ మొదట్లో అందరికీ ఉమ్మడి అయిన, మామూలు అనే అర్థంలో ఉన్న ఓల్డ్ ఇంగ్లీష్ మాట, అర్థం అవ్వడం అనే క్రియ మూడోది. ఫాస్ట్ అలా కాదు, ఒకే చెట్టు. బెల్‌ఫాస్ట్ మాత్రం ఆ చెట్టు కొమ్మ కాదు, అది ఐరిష్ పేరు, బెల్ అన్నది నది మొగ, రెండో భాగం ఇసుక మేట అనే ఐరిష్ మాట, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ఫాస్ట్‌లా తయారైంది.

చదివేటప్పుడు ఏ అర్థమో తేల్చుకోవడానికి పక్కనున్న మాట చూడండి. స్టాండ్, హోల్డ్, స్టిక్, బౌండ్, అస్లీప్, మేక్ అనేవి ముందో వెనకో ఉంటే దాదాపు ఎప్పుడూ గట్టి అనే. ద బోట్ ఈజ్ ఫాస్ట్ అని మాత్రం ఉంటే వాక్యం ఒక్కటీ చూసి చెప్పలేం, ముందు వాక్యంలో పందెం ఉంటే వేగమైన పడవ, తాడు ఉంటే కట్టేసిన పడవ. అనువాదం చేస్తుంటే ఆ ముందు వాక్యం చదవకుండా చెయ్యి పెట్టకండి.